ఉప్పుగాలిలో కెమెరా

సముద్రతీర నగరంలో ఫొటోలు తీస్తూ తిరిగేవాడి అవస్థ ఆ ఫొటోలను మెచ్చుకునేవారికి తెలియదు. తెల్లవారుజామున ఏసీ గదిలోంచి కెమెరాతో బయటికి రాగానే గాలిలోని తేమ చల్లని లెన్సు మీద మసకపొరగా పేరుకుంటుంది. అది ఆరేలోపు సూర్యోదయపు తొలి రంగులు కాస్తా వెలిసిపోతాయి. కెమెరాను సంచిలోనే ఉంచి బయటి వేడికి నెమ్మదిగా అలవాటు చేయాలన్నది తెలియక కాదు, ఆ తొందరలో గుర్తుండక. అలల తుంపర ఆరి మిగిల్చిన ఉప్పును పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి కనుక, తడిపిన మెత్తని గుడ్డతో ఓపికగా అద్దాలి. ఇంత పాటుపడి ఒక పడవను ఫ్రేములో కుదుర్చుకుంటే, సరిగ్గా అప్పుడే ఎవరో సెల్ఫీ కర్రతో అడ్డంగా నిలబడి, పైగా "మాకూ ఒక ఫొటో తీసిపెట్టండి" అంటారు. తీసిపెడతాను, ఆలోగా పడవ వెళ్ళిపోతుంది.