లింకన్ హంతకుడి కాలికీ ‘బ్రేక్ ఎ లెగ్’ అనే మాటకీ సంబంధం ఉందా?

‘బ్రేక్ ఎ లెగ్’ పుట్టుక మీద రాసిన వ్యాసం బాగుంది గానీ, వేదికెక్కేముందు శుభం కోరుతూ నాటకాలవాళ్ళు చెప్పుకునే ఈ మాట (‘కాలు విరగ్గొట్టుకో’ అని అర్థం), అమెరికా అధ్యక్షుడు లింకన్‌ని కాల్చి వేదిక మీదికి దూకిన జాన్ విల్క్స్ బూత్ కాలు విరగడం నుంచి పుట్టిందని అందులో అంటే మాత్రం నాకు మింగుడుపడలేదు. ఆ హత్య 1865 నాటిది. ఈ మాట దీవెనగా వాడినట్టు దొరికే దాఖలాలు 1920ల నుంచే. అరవై ఏళ్ళ పాటు ఎక్కడ దాక్కున్నట్టు? అయినా హంతకుడి గతి పట్టాలని ఎవరైనా దీవిస్తారా!

జర్మన్లు కూడా శుభం కోరుతూ ‘హాల్స్ ఉంట్ బైన్‌బ్రుఖ్’ అంటారు, అంటే మెడా కాలూ విరగాలని. యూదులు వాడే ‘విజయం, ఆశీర్వాదం’ అనే హీబ్రూ మాటలు జర్మన్ల చెవిలో పడి అలా మారాయని ఒక వాదన. ఇంగ్లీషు మాట ఈ జర్మన్ మాట నుంచే వచ్చిందంటే నాకు నమ్మబుద్ధేస్తోంది.

పుట్టుక ఏదైనా, వెనకున్న భయం మనకి కొత్త కాదు. మంచి కోరుకున్నట్టు పైకి తెలిస్తే దిష్టి తగులుతుందని. పుట్టిన పిల్లలు దక్కని ఇళ్ళలో బిడ్డని పెంటకుప్ప మీద దొర్లించి పెంటయ్య అనో పెంటమ్మ అనో పేరు పెట్టేవారు కదా. మా తాతకీ అలా పెట్టిన పేరే. ఎనభై దాటి బతికాడు.