డీజిల్ బండి కొన్నవాడు మూర్ఖుడట!

ఈ మధ్య ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: కొత్త బండికి డీజిల్ తీసుకునేవాడు మూర్ఖుడు, పెట్రోల్ బండి కొని ఎల్పీజీ కిట్ వేయించుకుంటే ఖర్చు సగానికి సగం తగ్గుతుంది, మైలేజీ ఏం తగ్గదు, బంకు లేకపోతే ఇంటి సిలిండర్ ఉండనే ఉంది, ఆర్‌సీ మార్చే గొడవ లేదు, పైగా డీజిల్ బండి పదేళ్ళకి తుక్కుకే. ఇందులో ఒక్క ముక్క కూడా సరిగా లేదు. అలాగని ఎల్పీజీ చెడ్డదని కాదు, ఆ మెసేజ్ చెప్పిన పద్ధతి చెడ్డది.

ముందు మైలేజీ సంగతి. లీటరు పెట్రోల్లో ఉన్నంత శక్తి లీటరు ఎల్పీజీలో ఉండదు, పావు వంతుకి కాస్త అటూ ఇటూగా తక్కువే, కాబట్టి పెట్రోల్ మీద 16 కిలోమీటర్లు ఇచ్చే బండి గ్యాసు మీద ఏ పన్నెండున్నరో ఇస్తుంది. డీజిల్లో శక్తి పెట్రోల్ కంటే ఎక్కువ, ఇంజను కూడా ఇంధనాన్ని బాగా వాడుకుంటుంది, అదే సైజు బండి 21 దాకా ఇవ్వొచ్చు. లెక్క కోసం పెట్రోల్ 100, డీజిల్ 92, గ్యాసు లీటరు 60 రూపాయలనుకోండి. కిలోమీటరుకి పెట్రోల్ 6.25, గ్యాసు 4.80, డీజిల్ 4.38 పడుతుంది. సగం ఎక్కడ? డీజిల్ కంటే గ్యాసే నలభై పైసలు ఎక్కువ తింటోంది! పైగా సీక్వెన్షియల్ కిట్ (ఇంజను ఒక్కో సిలిండర్‌కి విడిగా గ్యాసు అందించే రకం) ఉన్న బండి పెట్రోల్ మీద స్టార్ట్ అయ్యి, ఇంజను వేడెక్కాకే గ్యాసుకి మారుతుంది, అంటే దగ్గర తిరుగుళ్ళలో పెట్రోల్ కూడా కాలుతూనే ఉంటుంది.

అయితే ఇక్కడే గ్యాసు పక్షాన ఒక మాట చెప్పాలి. డీజిల్ మోడల్ కొనేటప్పుడు పెట్రోల్ మోడల్ కంటే లక్ష ఎక్కువ పెట్టారనుకుంటే, ఆ లక్ష ఇంధనంలో తిరిగి రావడానికి పై రేట్ల ప్రకారం యాభై వేల కిలోమీటర్లు దాటాలి. కిట్‌కి యాభై వేలు అయ్యిందనుకుంటే అది 35 వేల లోపే తిరిగొస్తుంది. కాబట్టి రోజూ మీరు వెళ్ళే దారిలో ఆటో ఎల్పీజీ బంకు ఉంటే కిట్ మంచి బేరమే. అది లేకపోతేనే తంటా. 40 లీటర్ల ట్యాంకులో 80 శాతమే నింపుతారు, 32 లీటర్లకి 400 కిలోమీటర్లు. ఆర్.ఉదయగిరి, మోహన ఘాట్ల మీదుగా తిరిగేవాళ్ళు గ్యాసు కోసమే పని గట్టుకుని శ్రీకాకుళమో బరంపురమో పోవాల్సి వస్తే, మిగిలినదంతా ఆ దారి ఖర్చులకే సరిపోతుంది. డీజిల్‌కి ఆ బాధ లేదు, పైగా ఆంధ్రాలో పన్ను ఎక్కువ కాబట్టి పాతపట్నం వాళ్ళే సరిహద్దు దాటొచ్చి మన బంకుల్లో కొట్టించుకుంటారు.

బంకు లేదన్న ప్రశ్న వస్తుందనే కాబోలు, "ఇంటి సిలిండర్ ఉండనే ఉంది" అని ఇరికించారు. ఈ మెసేజ్ మొత్తం నిలబడింది ఈ ముక్క మీదే, అన్నిటికంటే ప్రమాదమైనదీ ఇదే. 14.2 కిలోల సిలిండర్ వంటకి ఇచ్చింది. దాన్ని బండికి వాడితే నిత్యావసర సరుకుల చట్టం కింద కేసు అవుతుంది. చట్టం సంగతి పక్కన పెట్టండి, బండి ట్యాంకుకి 80 శాతం దగ్గర ఆపే వాల్వు, పైపు తెగితే గ్యాసు ఆగే వాల్వు ఉంటాయి, వంట సిలిండర్‌కి అవేవీ ఉండవు. పెరట్లో పైపు పెట్టి సిలిండర్ నుంచి ట్యాంకులోకి ఎక్కిస్తుంటే కారిన గ్యాసు గాల్లో తేలిపోదు, గాలికంటే బరువు కాబట్టి నేల మీదే పరుచుకుని కూర్చుంటుంది, పక్కింటివాడు బీడీ వెలిగించినా చాలు. గ్యాసు బండి పేలిందని వార్త వస్తే "అందుకే డీజిల్ కొనమన్నాం" అనేవాళ్ళతోనూ నాకు పేచీ ఉంది. ఆమోదం ఉన్న కిట్‌ని తెలిసినవాడి చేత బిగించుకుంటే అంత భయపడాల్సిన పని లేదు.

ఆర్‌సీ అక్కర్లేదన్నది పచ్చి అబద్ధం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంధనం మారిస్తే ఆర్‌సీలో ఎక్కించాలి, బండి మీద లోన్ ఉంటే ఫైనాన్స్ వాళ్ళ ఒప్పుకోలు కూడా కావాలి. బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణాల) పెట్రోల్ బండ్లకి కిట్ వేయడానికి 2022లోనే కేంద్రం దారి ఇచ్చింది, కానీ మీ మోడల్‌కి ఆమోదం ఉన్న కిట్ అయి ఉండాలి. ఇన్సూరెన్సులో కిట్ విలువ మీద 4 శాతం, థర్డ్ పార్టీకి ఇంకో 60 రూపాయలు కలుస్తాయి. ఈ కాస్త డబ్బుకి చూసుకుని పాలసీలో రాయించకపోతే, ప్రమాదం జరిగిన రోజు క్లెయిమ్ కోసం తలబాదుకోవాలి. మనలో చాలామంది శ్రీకాకుళం జిల్లాలో చుట్టాల అడ్రసు మీద బండి కొంటారు కదా, ఆ ఆర్‌సీ పని అక్కడి ఆఫీసులోనే, గుర్తుపెట్టుకోండి. కొత్త బండికి బయట కిట్ వేయిస్తే వారంటీ ఏమవుతుందో షోరూం వాళ్ళ చేత కాగితం మీద రాయించుకోండి, నోటిమాట నమ్మొద్దు. ఇంకోటి, గుండ్రటి ట్యాంకు స్టెప్నీ ఉండే గుంటలో కూర్చుంటుంది. మన ఘాట్ రోడ్ల మీద స్టెప్నీ ఎక్కడ పెడతారో ముందే ఆలోచించుకోండి.

డీజిల్ మాత్రం గొప్పదా అంటే, ఇంటికీ బజారుకీ మధ్య నాలుగు కిలోమీటర్లు తిప్పేవాళ్ళకి అస్సలు కాదు. బీఎస్-6 డీజిల్ బండి పొగగొట్టంలో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది, అది శుభ్రం కావాలంటే బండి అప్పుడప్పుడు హైవే మీద ఆగకుండా పరుగెత్తాలి, లేకపోతే లైటు వెలుగుతుంది, సర్వీస్ సెంటర్ చుట్టూ తిరగడమే. వాళ్ళు మామూలు పెట్రోల్ బండి కొనుక్కుని ఊరుకోవడం మేలు. నెలకి రెండు వేల కిలోమీటర్లు, అదీ లోడుతో కొండలెక్కేవాళ్ళకే డీజిల్.

ఇక పదేళ్ళ తుక్కు. ఆ గొడవంతా ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానిది, 2015లో గ్రీన్ ట్రిబ్యునల్, 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల వల్ల వచ్చింది. మన దగ్గర సొంత బండి ఆర్‌సీ డీజిలైనా పెట్రోలైనా 15 ఏళ్ళు చెల్లుతుంది, బండి బాగుంటే ఆ తర్వాత రెన్యువల్ చేయించుకోవచ్చు. గజపతి జిల్లా ఓడీ-20 నంబరు వేసుకుని ఢిల్లీలో తిరిగేవాడెవడైనా మీకు తెలిస్తే, ఆ ఒక్క ముక్క అతనికి ఫార్వర్డ్ చేయండి.