సగం షట్టరుకు ఒక విగ్రహం

మా కోదాడలో రెండు రోడ్లు కలిసిన చోటల్లా ఒక విగ్రహం పెట్టాలని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు కాబట్టి, ఆ వరసలో నాదీ ఒక వినతిపత్రం. ఎవరి మనోభావాలూ దెబ్బతినవు. నేను చెప్పే త్యాగమూర్తికి కులం, మతం, పార్టీ ఏవీ లేవు. పేరు సగం షట్టర్. నేలకి సరిగ్గా రెండున్నర అడుగుల ఎత్తు దాకా దిగి, ఇక దిగనని ఆగిపోయిన ఇనుప షట్టర్.

దాని గొప్పతనం అర్థం కావాలంటే ముందు కాస్త సైన్సు తెలియాలి. 2021 మే 12 నుంచి తెలంగాణలో లాక్‌డౌన్, పొద్దున ఆరు నుంచి పదింటి దాకా సడలింపు. ఆంధ్రాలో అప్పటికి వారం ముందే, మే 5 నుంచి, మధ్యాహ్నం పన్నెండు తర్వాత కర్ఫ్యూ. అంటే మా కోదాడ కరోనా పదింటికే నిద్ర లేస్తుంది, పక్కనే ఆంధ్రాలో ఉన్న జగ్గయ్యపేట కరోనా పన్నెండింటికి లేస్తుంది. సరిహద్దులో గరికపాడు చెక్‌పోస్టు దాటగానే దానికి రెండు గంటలు ఎక్కువ నిద్ర ఎలా పడుతుందో శాస్త్రవేత్తలే చెప్పాలి. ఆ తర్వాత మా దానికీ బద్ధకం పెరిగింది. మే 31 నుంచి మధ్యాహ్నం ఒంటిగంటకి, జూన్ 10 నుంచి సాయంత్రం అయిదింటికి లేవడం మొదలుపెట్టింది. ఆన్‌లైన్ క్లాసుల్లో మా మేనల్లుడికి పట్టుకున్న జబ్బే దానికీ పట్టుకుందని మా అక్క అంటుంది.

మనుషులు ఒకరికొకరు దూరంగా ఉండాలి కాబట్టి, రోజంతా విడివిడిగా వచ్చే ఊరిని ఆ నాలుగు గంటల్లోనే బజారుకి రమ్మన్నారు. వచ్చాం. అందరం వచ్చాం. పెళ్లిళ్లకి నలభై మందికి మించకూడదన్నారు గానీ, కూరగాయల బండి చుట్టూ ఎంతమంది ఉండాలో ఎవరూ చెప్పలేదు. ఆరింటికి తెరిచేవాటిలో పాలబూత్, వైన్‌షాపు రెండూ ఉండేవి. ఏ లైను పొడుగో చెప్పి ఊరి పరువు తీయను.

ఇక పది దాటాక మా వీధి చివరి కిరాణా కొట్టు. పోలీసు జీపు మైకులో చెప్పుకుంటూ పోయేది, కొట్టు నడిపే బాబాయ్ కొక్కెం కర్రతో షట్టరు దించేవాడు. బర్రుమని దిగి, రెండున్నర అడుగుల దగ్గర ఠక్కున ఆగేది. "తుప్పు పట్టింది, దిగట్లేదు సార్" అన్నది అధికారిక వివరణ. రెండుసార్లు తట్టి "బాబాయ్, పాపకి పాలపొడి" అనాలి, అదీ లెక్క. ఆ నెలంతా మా వీధిలో చంటిపాప లేని ఇల్లు లేదు, రిటైరై పదేళ్లయిన మాస్టారి ఇంటితో సహా. తట్టాక నడుం వంచి, తల దించి, చేత్తో లుంగీయో చీర కుచ్చిళ్లో పట్టుకుని లోపలికి దూరాలి. మోకాళ్లు సహకరించనివాళ్లు కింద నుంచి చీటీ, సంచీ తోస్తే, కాసేపటికి సంచీ నిండి బయటికొచ్చేది.

ఒకరోజు నేను లోపల ఉండగా బయట ఠంగుమని లాఠీ మోగింది. నూనె డబ్బాల వెనక నలుగురం ఊపిరి బిగబట్టాం. మాస్కు మంచిదే గానీ ఊపిరి బిగబడితే ఇంకా మంచిదని అప్పుడే తెలిసింది. లాఠీ కొంచెం గొంతు తగ్గించి, "బాబాయ్, పెసరపప్పు పావుకిలో" అంది.

సర్కారు మాత్రం ఊరుకుందా? 2020 మేలోనే ఇరవై లక్షల కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. ఆ రాత్రి బాబాయ్ పొట్లం కాగితం మీద లెక్క వేశాడు. రెండు పక్కన పదమూడు సున్నాలు. మరుసటి పొద్దున కొట్టు ముందు జనం దూరదూరంగా నిలబడడానికి సున్నంతో గీసిన గుండ్రాలు ఏడున్నాయి. "నా వాటా సున్నాలు ఇవేరా అబ్బాయ్, మిగతా ఆరూ ఎవరికి పోయాయో" అన్నాడు. ఆ నెక్స్ట్ నెలలోనే వీధి వ్యాపారులకి పదివేల అప్పు పథకం వచ్చింది. మా మిర్చి బజ్జీల అతను సంతోషించాడు. బజ్జీ కొనేవాడు బయటికి రాని కాలంలో శనగపిండి కొనుక్కోవడానికి అప్పు పుట్టడం కన్నా అదృష్టం ఏముంటుంది! మంగలి షాపులు, బ్యాండు మేళాలు, ఫంక్షన్ హాళ్ల ముందు పూలు కట్టేవాళ్ల గురించి రాస్తే ఇది వ్యంగ్యం కాకుండా పోతుంది, కాబట్టి వదిలేస్తున్నాను.

బ్యాంకు మారటోరియం కూడా వచ్చింది. 2020 మార్చి నుంచి ఆగస్టు దాకా కంతులు కట్టనక్కర్లేదన్నారు, వడ్డీ మాత్రం తన డ్యూటీ తాను మానలేదు. బాబాయ్‌కీ ఒక మారటోరియం ఉండేది. పొడుగాటి పద్దుల పుస్తకంలో, డబ్బులివ్వలేనివాళ్ల పేరు పక్కన పెన్సిల్‌తో "చూద్దాం" అని రాసేవాడు. గడువు లేదు, వడ్డీ లేదు, దరఖాస్తు లేదు. పెన్సిల్ ఎందుకంటే, డబ్బు రాకపోతే చెరిపేయడానికి వీలుగా ఉంటుందట. వ్యాపారం ఇలా చేస్తే ఏ బ్యాంకైనా లోను ఇస్తుందా?

ఆ "చూద్దాం"లలో ఎక్కువ ప్రైవేటు స్కూలు టీచర్లవే. 2021 ఏప్రిల్ నుంచి సర్కారు వాళ్లకి నెలకి రెండు వేలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. దాంతో బాబాయ్ దగ్గర బియ్యం కొనడం మానేశారు, చింతపండు, కారం, నూనె అప్పు పెట్టడం మాత్రం మానలేదు. అన్నం సర్కారుది, చారు బాబాయ్‌ది. ఆయన దీన్ని ప్రభుత్వంతో ఉమ్మడి వ్యాపారం అనేవాడు.

అందుకే నా వినతి. విగ్రహం కంచుది అక్కర్లేదు, తుప్పు పట్టిన ఇనుముదే కావాలి, లేకపోతే "దిగట్లేదు సార్" అన్నమాట అబద్ధమైపోతుంది. చందాల లిస్టులో మొదటి పేరు రాయించుకుందామని బాబాయ్ దగ్గరికెళితే, పుస్తకం తీసి నా పేరు పక్కనున్న "చూద్దాం" చూపించి మళ్లీ మూసేశాడు. సరే, రెండో పేరు నుంచి మొదలుపెట్టాం. ప్రారంభోత్సవానికి మంత్రిగారు వస్తామంటే అభ్యంతరం లేదు, ఎమ్మెల్యేగారూ రావచ్చు. రిబ్బను షట్టరు లోపలి వైపు కడుతున్నాం. దండలూ శాలువాలూ జాగ్రత్తగా పట్టుకుని, రెండున్నర అడుగుల కింద నుంచి దూరి వచ్చి కత్తిరించాలి. ముందు రెండుసార్లు తట్టడం మర్చిపోవద్దని మనవి.