ఆర్డినెన్సు రాకముందు అంతా సవ్యంగానే ఉందా?

"2010 ఆర్డినెన్సు లేకపోతే ఆంధ్రప్రదేశ్‌లో మైక్రోఫైనాన్స్ వర్ధిల్లేది. ప్రభుత్వమే దాన్ని చంపి పేదలను వడ్డీ వ్యాపారులకు అప్పగించింది." పేదలకు తాకట్టు లేకుండా చిన్న అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ సంస్థలు నమోదు చేయించుకోవాలని, బలవంతపు వసూళ్లు చేయకూడదని రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన ఆర్డినెన్సు అది. 2025లో కర్ణాటక ఇలాంటి చట్టమే తెచ్చాక ఈ మాట మళ్లీ చేతులు మారుతోంది.

కిస్తీలు 99 శాతం వసూలయ్యేవి కదా, ఇక కష్టమెక్కడిది అన్నది వీరి మొదటి వాదన. వసూలు కావడం వేరు, కట్టగలగడం వేరు. ఒక సంస్థ కిస్తీ కట్టడానికి మరో సంస్థలో అప్పు చేసేవారు. అదీ పుట్టకపోతే, ఒకరు కట్టకుంటే మిగతావారు కట్టాలన్న గ్రూపు పూచీ ఉంది కాబట్టి తోటి సభ్యులే వచ్చి గుమ్మంలో కూర్చునేవారు. లెక్కల పుస్తకంలో మాత్రం అంతా సకాలంలో చెల్లింపే. 2010 ఆగస్టులో ఎస్‌కేఎస్ అనే మైక్రోఫైనాన్స్ సంస్థ షేర్లు మార్కెట్‌లోకి వచ్చినప్పుడు మదుపరులు మురిసిపోయింది ఆ అంకెను చూసే.

ఆర్డినెన్సు ఉరుము లేని పిడుగు అంటారు. 2006లోనే కృష్ణా జిల్లా యంత్రాంగం దాదాపు 50 మైక్రోఫైనాన్స్ శాఖలను మూయించింది. ఆ తర్వాత సంస్థలు ప్రవర్తనా నియమావళి రాసుకున్నాయి. దాని అమలు చూసే నాథుడు లేడు.

వడ్డీ వ్యాపారి తిరిగొచ్చాడనడం మరీ విడ్డూరం. అతను వెళ్లిందెప్పుడు? 2009 నాటి ఒక సర్వేలో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ కుటుంబాల్లో మైక్రోఫైనాన్స్ అప్పున్నవి సుమారు 11 శాతం, అనధికార అప్పులున్నవి 82 శాతం. అయితే అప్పులు ఒక్కసారిగా ఆగిపోవడంతో ఇతర రాష్ట్రాల్లోనూ కూలి రేట్లు పడిపోయాయన్నది నిజం. చట్టంలోనూ లోపముంది: మహిళలకు అప్పులిప్పించే డ్వాక్రా సంఘాలను నడిపే జిల్లా అధికారికే ఈ సంస్థలను నమోదు చేసే అధికారమిచ్చారు. పోటీదారు చేతికే ఈల ఇచ్చినట్టయింది.

రిజర్వు బ్యాంకు ఉండగా రాష్ట్రానికేం పని అనే వాదనకు న్యాయపరంగా బలముంది. రిజర్వు బ్యాంకు వద్ద నమోదైన సంస్థలకు ఈ చట్టం వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు తేల్చింది. కానీ 2010లో ఆ బ్యాంకు ఏం చేస్తోంది? ఈ సంస్థల తీరు పరిశీలించే మాలెగాం కమిటీని వేసింది ఆర్డినెన్సు వచ్చిన నెలలోనే. ఈ సంస్థలకంటూ ప్రత్యేక నిబంధనలు, 26 శాతం వడ్డీ పరిమితి వచ్చింది 2011 డిసెంబరులో. ఆ పరిమితిని 2022లో ఎత్తేశారు. మార్కెట్టే వడ్డీని అదుపులో ఉంచుతుందన్న నమ్మకం ఎంతకాలం నిలిచింది? 2024 అక్టోబరులో అధిక వడ్డీల కారణంగా అదే రిజర్వు బ్యాంకు రెండు మైక్రోఫైనాన్స్ సంస్థలను కొత్త అప్పులివ్వకుండా ఆపాల్సివచ్చింది.

ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలు కోసం ఫోను చేయకూడదన్న నిబంధన ఇప్పుడుంది. అది మీరినవాడిపై ఊళ్లోనే ఫిర్యాదు తీసుకునే అధికారి ఎవరో, రాష్ట్రాలు తప్పుకోవాలంటున్నవారే చెప్పాలి.