పెళ్ళిలో హెవీ మెటల్ పెడితే ఏం కొంపలు మునుగుతాయి?

పెళ్ళిలో హెవీ మెటల్ పాట (కరెంటు గిటార్లూ డ్రమ్ములూ దద్దరిల్లే రాక్ సంగీతం లెండి) అనగానే మొహం చిట్లించే పెద్దవాళ్ళతోనూ, పెళ్ళంతా మెటలే మోగాలని పంతం పట్టే కుర్రాళ్ళతోనూ నాకు సమానంగా తగువుంది. ఈమధ్య మా ఇంట్లో ఈ గొడవ రోజుల తరబడి నడిచింది కాబట్టి కడుపులో ఉన్నదంతా ఇక్కడ కక్కేస్తున్నా, ఓపికున్నవాళ్ళు చదవండి.

మా పిన్ని కూతురి పెళ్ళి. మాది విజయనగరం, వాళ్ళది నరసన్నపేట, పెళ్ళి కూడా అక్కడే. అమ్మాయికి ఇంజనీరింగ్ రోజుల నుంచీ మెటల్ పిచ్చి. నల్ల టీషర్ట్ వేసుకుని ఇంటికొస్తే మా అమ్మమ్మ "ఆ పుర్రె బొమ్మలేటే, ఎవలైనా జడుసుకుంటారు" అని గోల పెట్టేది. పెళ్ళికి చీర రంగు దగ్గర్నుంచి విస్తట్లో మూడో స్వీటు దాకా అన్నీ పెద్దవాళ్ళే తేల్చేశారు, తను దేనికీ అడ్డు చెప్పలేదు. అడిగింది ఒక్కటే. రిసెప్షన్‌లో తనూ పెళ్ళికొడుకూ గుమ్మం నుంచి స్టేజి దాకా నడిచొచ్చేటప్పుడు అమెరికా మెటల్ బ్యాండ్ మెటాలికా వాళ్ళ 'నథింగ్ ఎల్స్ మ్యాటర్స్' వేయమంది. అంతే.

దానికి మా మావయ్య లేచాడు. "శుభమా అని పెళ్ళి సేస్తంటే ఆ గావుకేకలేటమ్మా? అటేపోలు మన గురించి ఏటనుకుంటారు?" అన్నాడు. బుట్టలో పెళ్ళికూతుర్ని మండపానికి తెచ్చే మేనమామ కదా, ఆయన మాటంటే ఇంట్లో అందరికీ భయమే. మా బాబాయి మెల్లగా ఆయన వైపు జరిగిపోయాడు, పిన్ని ఎప్పట్లాగే వంటింట్లోకి.

ఒక్క మాట చెప్తా వినండి, మావయ్య ఆ పాట వినలేదు. ఇంట్లో ఎవరూ వినలేదు. అసలందులో కేకే లేదు! 1991లో వచ్చిన పాట, ఆ బ్యాండ్ గాయకుడు జేమ్స్ హెట్‌ఫీల్డ్ ఫోన్లో ప్రియురాలితో మాట్లాడుతూ, ఒక చెయ్యి ఫోన్‌కి పోతే మిగిలిన చేత్తో ఊరికే గిటార్ తీగలు మీటుతుంటే పుట్టిందని ఆయనే చెప్పుకున్నాడు. అందుకే మొదట వచ్చే ఆ మీటుడుకి ఎడమచేతితో తీగ నొక్కే పనే ఉండదు. చాలాసేపు గొంతు కూడా వినపడదు, గిటారే మెల్లగా పోతుంటుంది. దూరంగా ఉన్నా మనిద్దరం దగ్గరే అన్న భావంతో మొదలయ్యే పాట. నడిచొచ్చే జంటకి ఇంతకన్నా ఏం కావాలి? హెవీ మెటల్ అన్న పేరు చూసి ఉరి తీసేశారు, అంతే.

సరే, గోల అంటారు కదా, గోల గురించే మాట్లాడుకుందాం. ఇదే మావయ్య ఇంట్లో పెద్దబ్బాయి పెళ్ళి ఊరేగింపుకి డీజే వ్యాను మాట్లాడారు. మనిషెత్తు బాక్సులు, దారి పొడవునా ఇళ్ళ కిటికీ రెక్కలు తడతడా కొట్టుకున్నాయి, ఒక ముసలాయన అరుగు మీద చెవులు మూసుకుని కూర్చున్నాడు, మేం మాత్రం అర్ధరాత్రి దాకా ఊగాం. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా బయట లౌడ్ స్పీకర్లు మోగకూడదని 2000లో వచ్చిన శబ్దకాలుష్య నియమాల్లోనే ఉంది, ఇళ్ళున్న చోట పగలైనా 55 డెసిబెల్స్ దాటకూడదు. ఆ రోజు ఎవరికైనా గుర్తొచ్చిందా? పైగా వేసిన పాటలేంటి? పచ్చి డబుల్ మీనింగ్ పాటలకి ఒకటో తరగతి పిల్లలు నడుం తిప్పుతుంటే అత్తయ్యలందరూ ఫోన్లు పైకెత్తి వీడియోలు తీశారు. అది శుభం. ఇంగ్లీషులో ఒకడు నెమ్మదిగా ప్రేమ గురించి పాడితే అశుభం!

గట్టిగా మోగడం మన పెళ్ళికి కొత్త కూడా కాదు. మాంగల్యధారణ వేళ పంతులుగారు చెయ్యెత్తి "గట్టిమేళం" అనగానే ఏం జరుగుతుంది? అప్పటిదాకా ఏదో కీర్తన మీద తీరిగ్గా నడుస్తున్న సన్నాయి ఒక్కసారి పై స్థాయికి లేస్తుంది, డోలు మీద రెండు చేతులూ ఆగకుండా పడతాయి, పక్కవాడు అరిచినా వినపడదు. కావాలనే అలా పెట్టారు. ఆ క్షణంలో తుమ్ముగానీ ఏడుపుగానీ అపశకునపు మాటగానీ ఎవరి చెవినా పడకూడదని. శబ్దంతో గోడ కట్టి లోపల ఇద్దరు మనుషుల్ని కాపాడటం అన్నమాట. మెటల్ కచేరీకి వెళ్ళినవాడెవడైనా చెప్తాడు ఆ అనుభవమేంటో. 2011 అక్టోబర్ 30న మెటాలికా బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించినప్పుడు మా బ్యాచ్ వాళ్ళు ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో పడి వెళ్ళారు, తిరిగొచ్చాక కొన్నాళ్ళు గట్టిగానే మాట్లాడేవారు పాపం.

"మనది కాదు కదా" అనే రెండో వాదన ఇంకా బలహీనం. విజయనగరం వాళ్ళం మనం ఆ మాట అనొచ్చా? ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు తెల్లవాళ్ళ వయొలిన్ పట్టుకుని మన సంగీతంలోకి తెచ్చాడు. 1919లో ఇక్కడ సంగీత కళాశాల పెట్టాక అదే వయొలిన్ మీద ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఊరికి పేరు తెచ్చారు. ఈరోజు వయొలిన్ లేని కచేరీ ఊహించండి చూద్దాం. ఊరేగింపుల్లో మన బ్యాండు మేళం సంగతేంటి? ఆ క్లారినెట్, ఆ ట్రంపెట్, భుజాన పట్టీ వేసుకున్న ఆ డ్రమ్ము, భుజకీర్తులున్న ఆ ఎర్ర కోటు, అన్నీ మిలిటరీ బ్యాండ్ల నుంచి దిగినవే. అది మన తాతల పెళ్ళిళ్ళలోనే మోగింది కాబట్టి మనదైపోయింది.

ఇక మెటల్ పుట్టిన చోటు చూస్తే, అదేమీ రాజుల కొలువు కాదు. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్, ఫ్యాక్టరీల ఊరు. టోనీ అయోమీ అనే కుర్రాడు రేకుల ఫ్యాక్టరీలో పని చేస్తుంటే మిషన్ కింద పడి కుడిచేతి రెండు వేళ్ళ కొసలు పోయాయి. ఎడమచేతి వాటం వాడు కాబట్టి తీగ నొక్కాల్సిన వేళ్ళే అవి. ప్లాస్టిక్ కరిగించి వేళ్ళకి తొడుగులు చేసుకున్నాడు, సన్నటి తీగలు వేశాడు, తర్వాత్తర్వాత వాటిని వదులు చేసి ఇంకా కిందికి దించాడు. 1970లో మొదటి ఆల్బమ్ తెచ్చిన అతని బ్యాండ్ బ్లాక్ సబ్బాత్‌కి ఆ బరువైన మోత అలా పట్టుకుంది. నెల్లిమర్ల జూట్ మిల్లు, గరివిడి ఫెర్రో అల్లాయ్స్ ఎరిగిన జిల్లాకి ఇందులో అర్థంకానిది ఏముంది చెప్పండి. పైడితల్లి సిరిమాను జాతరకి వెళ్ళి, గుండెల మీద తప్పెట కట్టుకుని గెంతుతూ వాయించేవాళ్ళ ముందు కాసేపు నిలబడిన మనిషికి మెటల్ డ్రమ్మింగ్ చూసి భయమేయకూడదు. ఢిల్లీ కుర్రాళ్ళు బ్లడీవుడ్ అనే బ్యాండ్ పెట్టి ఢోలూ గిటారూ కలిపి వాయిస్తూ 2019లో జర్మనీలో వాకెన్ మెటల్ ఫెస్టివల్ దాకా వెళ్ళారు. మన తప్పెటని అలా ఎత్తుకునేవాడు ఎప్పుడొస్తాడో మరి.

ఇప్పుడు కుర్రాళ్ళ వంతు.

మా తమ్ముడొకడున్నాడు, వరసకి తమ్ముడు. చెల్లి అడిగిన ఒక్క పాట చూసి వీడికి పూనకం వచ్చింది. మాంగల్యధారణకే మెటల్ పెట్టాలట, సన్నాయి వాళ్ళని మానిపించేయాలట, వీడియో వైరల్ అవుతుందట. అరే, నువ్వు పాట వినిపిద్దామని చూస్తున్నావా, జనం బిత్తరపోతే చూద్దామనుకుంటున్నావా? ముహూర్తం వేళ ఆ ఐదు నిమిషాలు మేళం వాళ్ళవి. పెళ్ళిళ్ళ సీజన్ మీద బతికే మనుషులు, డీజేలొచ్చి సగం పని తినేశాయి, మిగిలింది నువ్వు ఊడగొడతావా? పైగా వాళ్ళకి నీకన్నా చెవి ఎక్కువ. పెళ్ళిరోజు పొద్దున్నే టిఫిన్ల దగ్గర సన్నాయి ఆయనకి ఫోన్లో ఈ పాట వినిపించా. ఇడ్లీ చేతిలో అలాగే ఆపి, తల వంచి విని, "నఠభైరవి రాగంలా ఉంది బాబూ" అన్నాడు. ఎడమచేతి వేళ్ళు గ్లాసు మీద స్వరాలు వెతుక్కుంటున్నాయి. ఏ విమర్శా లేదు, గావుకేకలన్న మాట లేదు. ఆయనకి అది పాట.

తమ్ముడు రాసుకొచ్చిన లిస్టు ఇంకో ఘోరం. అందులో మెటాలికాదే 'ఫేడ్ టు బ్లాక్' ఉంది, మెల్లగా మొదలవుతుంది కాబట్టి రొమాంటిక్ అనుకున్నాడట. 1984 పాట, బతుకు మీద ఆశ వదిలేసుకున్న మనిషి గోడు. 'వన్' కూడా రాశాడు. అది యుద్ధంలో కాళ్ళూ చేతులూ చూపూ అన్నీ పోయి మంచాన పడ్డ సైనికుడి పాటరా నాయనా! నాలుగేళ్ళ నుంచి అవే టీషర్ట్‌లు వేసుకుని తిరుగుతూ ఒక్క లైనుకీ అర్థం చూసుకోలేదు. తెలుగు పాటలకీ మనం చేసేది ఇదేలెండి, బీటు బాగుందని విరహగీతం పెట్టి పెళ్ళికూతుర్ని నడిపించిన హాళ్ళు నేనెరుగుదును. కానీ మెటల్ పెడతానని ఇంటిల్లిపాదితో పోట్లాడేవాడికి ఆ మాత్రం శ్రద్ధ ఉండాలి. పెద్దవాళ్ళ చేతికి కర్ర అందించేది ఇలాంటి లిస్టులే.

ఇంక అసలు విలన్ దగ్గరికి వద్దాం, సౌండ్ బాక్సులు. దీని గురించి ఎవరూ మాట్లాడరు. మన ఫంక్షన్ హాళ్ళలో సిస్టమ్ మొత్తం బేస్ కోసమే తిప్పి ఉంచుతారు, మిక్సర్ మీద చూస్తే బేస్ నాబ్ చివరికంటా, ట్రెబుల్ నాబ్ దాదాపు చివరికంటా, మధ్యది మాత్రం కిందికి. గిటారూ గొంతూ ఉండేది ఆ మధ్యలోనే. అలా ఉంచి మెటల్ పెడితే వినపడేది పాట కాదు, బియ్యం మిల్లు. దాంతో "చెప్పానా, గోలే" అని మావయ్యలు నెగ్గేస్తారు. నేను మధ్యాహ్నం భోజనాల తర్వాత హాలు ఖాళీగా ఉన్నప్పుడు బాక్సుల కుర్రాడి పక్కన కూర్చుని మధ్య నాబ్ పైకి, బేస్ సగానికి తెప్పించా. మొదట వాడు "సార్, కిక్ ఉండదు" అని గింజుకున్నాడు. తర్వాత వాడే ఆ తీగల చప్పుడు స్పష్టంగా విని ఇంకోసారి వేసుకున్నాడు. ఫోన్లో వాట్సాప్ ద్వారా వచ్చిన పాట కాకుండా మంచి ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి, దయచేసి. నెట్‌లోంచి నేరుగా వేస్తే, మధ్యలో యాడ్ వచ్చిందంటే పెళ్ళికూతురు స్టేజికి సగం దూరంలో టూత్‌పేస్ట్ గురించి వింటుంది.

మావయ్యని ఎలా ఒప్పించారంటారా? ఒప్పించలేదు. చెల్లి "సరే మావయ్యా, అది తీసేయండి, అలాగే స్టేజి మీద నేను నవ్వనక్కర్లేదు కదా" అంది, బాబాయి గతుక్కుమన్నాడు, అక్కడితో చర్చ ముగిసింది. సాయంత్రం ఇద్దరూ నడిచొచ్చారు, పాట మోగింది, ఎవరూ మూర్ఛపోలేదు. ఐస్‌క్రీమ్ కౌంటర్ దగ్గర నిలబడి ప్లేట్లు లెక్కపెడుతున్న మావయ్య నన్ను పిలిచి, "ఆ గావుకేకల పాట ఎప్పుడేస్తార్రా, ముందు సెప్తే నాను బయటికెళ్ళిపోతాను" అన్నాడు.

"అయిపోయింది మావయ్యా."

"ఏది, ఆ వీణలాగున్నదా?"

ఇంతకీ నా కోపం మెటల్ గురించి మాత్రమే కాదు. లక్షలు పోసి చేసే పెళ్ళిలో, ఎవరికైతే పెళ్ళి జరుగుతుందో వాళ్ళు ఒక్క పాట కోరుకోవడానికి ఇంత యుద్ధం ఏంటి? చెల్లి నోరున్న పిల్ల కాబట్టి నెగ్గింది. ఆ గోలలో పెళ్ళికొడుకుని మాత్రం నీకేం పాట కావాలయ్యా అని ఏ పక్షమూ అడగలేదు, నేనూ అడగలేదు. పెళ్ళయ్యాక కబుర్లలో తెలిసింది, వాళ్ళది చీపురుపల్లి వైపు పల్లె, చిన్నప్పటి నుంచీ తప్పెటగుళ్ళంటే ప్రాణమట, ఊరేగింపుకి అదే పెట్టిద్దామని వాళ్ళింట్లో అంటే "అటేపోలు ఏటనుకుంటారు" అని నోరు మూయించారట. బృందం వాళ్ళ పక్క ఊళ్ళోనే ఉంది. మేమేమో ఇక్కడ ఊరేగింపుకి మళ్ళీ అదే డీజే వ్యానుకి అడ్వాన్స్ ఇచ్చేశాం.