మూడ్‌కీ ఒక బులెటిన్ కావాలి

వాతావరణాన్ని బట్టి మనిషి మూడ్ మారుతుందన్నది నిర్వివాదాంశం. వివాదమల్లా ఏ మనిషిది అన్న దగ్గరే.

భారత వాతావరణ శాఖ 1875లో పుట్టింది. అప్పట్నుంచీ ఎండావానా కొలుస్తోందే గానీ, ఇంటి పెద్దల మూడ్ కొలిచే పరికరం ఒక్కటీ పెట్టలేదు. మైదానాల్లో 40 డిగ్రీలైనా చేరితే గానీ శాఖవారు వడగాలుల మాటెత్తరు. మన ఇళ్లలో అంతదాకా ఆగరు. రోహిణి కార్తెలో ఆఫీసు నుంచి వచ్చినాయన చెప్పులు విప్పకుండానే "ఈ ఇంట్లో చల్లటి మంచినీళ్లకి కూడా గతి లేదా?" అని గర్జిస్తే ఎవరూ నొచ్చుకోరు. "పాపం, ఎండన పడి వచ్చారు" అంటారు. ఆ కోపం ఆయనది కాదు, సూర్యుడిది. జనవరిలోనూ అదే గర్జన వినిపిస్తే? చలికి ఒళ్లు బిగుసుకుపోయి ఉంటుందిలెండి.

వాన పడిందా, ఆయన మనసు అమాంతం మెత్తబడుతుంది. బాల్కనీలో కుర్చీ వేసుకుని, మబ్బుల కేసి చూసి, "ఈ వెదర్‌కి మిరపకాయ బజ్జీలు పడాలోయ్" అని నిట్టూరుస్తారు. ఆ నిట్టూర్పు కాసేపట్లో శనగపిండిగా, వాముగా, మరిగే నూనెగా మారుతుంది. బాల్కనీలో తుంపర, వంటింట్లో సెగ.

శాఖవారు ఉష్ణోగ్రతను నీడపట్టున, గాలాడే తెల్లటి పెట్టెలో, నేలకు సుమారు నాలుగడుగుల ఎత్తున కొలుస్తారు. పొయ్యి మీది బాణలి కూడా ఇంచుమించు అంత ఎత్తులోనే ఉంటుంది. గాలి మాత్రం ఆడదు, ఫ్యాన్ వేస్తే మంట రెపరెపలాడుతుంది మరి. బెజవాడ ఉక్కపోతలో అయితే గాలిలో తేమకి పట్టిన చెమటైనా ఆరదు. అక్కడ నిలబడ్డ మనిషికి మూడ్ ఉన్నట్టు ఇంతవరకూ ఏ కేంద్రంలోనూ నమోదు కాలేదు. గరిటె కాస్త గట్టిగా చప్పుడైతే మాత్రం అది వాతావరణం కాదు, స్వభావం: "ఈవిడకెప్పుడూ చిరాకే!"

కాబట్టి ప్రభుత్వానికి నా ప్రతిపాదన. శాఖవారి పచ్చ, పసుపు, నారింజ, ఎరుపు హెచ్చరికలను వంటింటి గుమ్మానికీ వర్తింపజేయాలి. పసుపు రోజున బజ్జీలు అడిగినవారే మిరపకాయలు చీల్చివ్వాలి. నారింజ రోజున పిండి కలిపి, పొయ్యి దగ్గరా వారే నిలబడాలి. ఎరుపు రోజున అసలు పొయ్యే వెలగదు. చద్దన్నం, మజ్జిగ, ఆవకాయ ముక్క. అభ్యంతరాలున్నవారు మధ్యాహ్నం పన్నెండుకీ మూడింటికీ మధ్య స్వయంగా వంటింట్లోకి వచ్చి, ఫ్యాన్ వేయకుండా, రాతపూర్వకంగా సమర్పించుకోవచ్చు.