రెండూ ఇరవై ఐదా? ఐదూ పదా?

ముప్పై నాలుగేళ్లు రైల్వేలో గార్డుగా చేశాను. 2022లో ఆ ఉద్యోగానికి ట్రైన్ మేనేజర్ అని పేరు మార్చారు గానీ నా నోటికి ఇంకా పట్టలేదు. ప్రతి స్టేషన్లో బండి ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు కదిలిందో నిమిషాలతో సహా రాసుకున్నవాణ్ణి. అలాంటి నేను పోయిన చలికాలంలో ఒకరాత్రి రెండూ ఇరవై ఐదుకి లేచి, ఐదూ పది అయిపోయిందని కంగారుపడి, స్నానం చేసి, సంచీ భుజాన వేసుకుని విజయనగరం స్టేషన్‌కి నడిచి వెళ్లాను. వైజాగ్‌లో అమ్మాయి ఇంటికి వెళ్లాలి, తెల్లవారుజాము బండి. "ఏటండీ, ఇంకా ఇంత చీకటిగా ఉందేటి?" అని మా ఆవిడ అంది కూడా. చలికాలం అలాగే ఉంటుందిలే అన్నాను. దారిపొడుగునా కుక్కలు సాగనంపాయి. ప్లాట్‌ఫాం మీద ఎర్ర అంకెల గడియారంలో 03:05. డ్యూటీలో ఉన్న కుర్రాడు గుర్తుపట్టి "ఏటి గార్డుగారూ, మళ్లీ నైట్ డ్యూటీ వేశారా?" అన్నాడు.

తప్పు నా కళ్లదే అనుకుంటారు. సగమే. మిగతా సగం వాచీది.

రిటైరైనప్పుడు తోటివాళ్లు ప్రేమగా ఇచ్చిన వాచీ అది. బంగారు రంగు డయలు, దాని మీద బంగారు రంగు ముళ్లు. అంకెలుండాల్సిన చోట వెంట్రుకల్లాంటి గీతలు. చిన్న ముల్లూ పెద్ద ముల్లూ ఇంచుమించు ఒకే పొడుగు. రెండూ ఇరవై ఐదుకి ఒక ముల్లు రెండు దాటి, ఇంకోటి ఐదు మీద ఉంటాయి. ఐదూ పదికి ఒకటి ఐదు దాటి, ఇంకోటి రెండు మీద. ఏది ఏదో తెలియకపోతే రెండు టైములూ ఒక్కటే.

చత్వారం అన్న మాటలోనే నలభై ఉంది. ఆ వయసు నుంచి కంట్లో కటకం గట్టిపడి, దగ్గరి వస్తువు మీద చూపు నిలవదు. పేపరైతే దూరం జరిపి చదువుకోవచ్చు. మణికట్టుని ఎంత దూరం జరుపుతాం? పైగా వయసుతోపాటు కంటిపాప చిన్నదవుతుంది, చీకట్లో మునుపటిలా విచ్చుకోదు. ఇరవై ఏళ్ల కంటికి అందే వెలుగులో అరవై ఏళ్ల కంటికి అందేది సుమారు మూడో వంతే. శుక్లాలు మొదలైతే తెలుపూ బూడిదా కలిసిపోతాయి. అందుకే నాకు కావాల్సింది పెద్ద వాచీ కాదు, నలుపు తెలుపుల తేడా.

ఈ ముక్క షాపువాళ్లకి చెప్పి చూడండి! గంటస్తంభం దగ్గర ఒక షాపుకి వెళ్లి, టైము బాగా కనపడే వాచీ ఇవ్వు బాబూ అన్నాను. తీసిచ్చింది చూస్తే అప్పచ్చంత ఉంది. లోపల మూడు బుల్లి డయళ్లు, వాటిలో ఇంకా బుల్లి ముళ్లు, తేదీకి ఆవగింజంత కిటికీ. పెద్ద విస్తరి వేసి ఓ మూల కాస్త పులిహోర పెట్టినట్టుంది. మా నాన్నగారికి హెచ్ఎంటీ పైలట్ ఉండేది. జపాన్ సిటిజన్ వాళ్ల సహకారంతో 1961లో బెంగళూరులో వాచీలు మొదలుపెట్టిన హెచ్ఎంటీ. ఇప్పటి వాచీల పక్కన అది చిన్నదే. కానీ నల్ల డయలు మీద పన్నెండు తెల్ల అంకెలు. ఎనభై దాటాక కూడా ఆయన దాన్ని వసారాలో కూచుని చూసుకునేవారు.

షాపులో ఇంకో మాయ ఉంది, చూశారా? అద్దాల బీరువాలో వాచీలన్నీ పదీ పది దగ్గరే నిలబెడతారు. చూసిన వాచీలన్నిటిలోనూ అదే టైము కదా, మీ కన్ను చదవకుండానే చదివేస్తుంది. అందుకని నేను ముళ్లు తిప్పించాను. రెండూ ఇరవై ఐదు పెట్టమన్నాను, తర్వాత ఐదూ పది. కళ్లజోడు తీసేసి, ఆ ట్యూబ్‌లైట్ల వెలుగులోంచి గుమ్మం నీడలోకి వచ్చి చూశాను. కుర్రాడు విసుక్కున్నాడు, విసుక్కోనీ. ఏడు వాచీల్లో అయిదు అక్కడే పోయాయి. ఒకదానికి అద్దం మెరుపు, ఇంకోదానికి రోమన్ అంకెలు. ఏడుకీ ఎనిమిదికీ గీతలు లెక్కపెట్టుకునే ఓపిక నాకు లేదు.

"రేడియం ఉంది సార్, చీకట్లో మెరుస్తుంది" అన్నాడు. పేరే రేడియం. ప్రమాదమని అసలు రేడియం వాడకం ఎప్పుడో మానేశారు. ఇప్పటిది వెలుతురు పీల్చుకుని మెరిసే పూత. చవకదైతే రాత్రి పదికి మెరుస్తుంది, నేను లేచే వేళకి నాలాగే అయిపోతుంది. బటన్ నొక్కితే డయలంతా వెలిగేది నయం. చివరికి అదే కొన్నాను. తెల్ల డయలు, లావు నల్ల అంకెలు, పొట్టి లావు ముల్లు ఒకటి, పొడుగు ముల్లు ఒకటి.

అల్లుడిచ్చిన స్మార్ట్ వాచీ కూడా ఉంది. అంకెలు బాగానే కనిపిస్తాయి. కానీ చెయ్యి విదిలిస్తే గానీ వెలగదు, ఛార్జింగ్ పెట్టడం మర్చిపోతే గాజుముక్క.

నాకు అసలు కోపం ఆడవాళ్ల వాచీల మీద. మా ఆవిడదైతే డయలు చింతగింజంత. ఆడవాళ్లకి చత్వారం రాదా? ఈమధ్య ఆవిడ టైము కావాలంటే వంటింట్లోంచి నన్ను కేకేస్తోంది. మగవాళ్ల వాచీ కొంటానంటే గాజుల పక్కన బాగోదంటుంది. చిన్న మణికట్టుకి సరిపోయే, లావు అంకెలున్న లేడీస్ వాచీ మన ఊళ్లో ఎక్కడైనా చూస్తే కామెంట్లో పెట్టండి. ముందు కళ్లజోడు తీసి చూసి పెట్టండి.